ప్రచార ప్రకటనలకు ముగింపు తేదీ ఉంది, ఆరంభ తేదీ ఏది?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

ఎన్నికల ప్రచారం ఎప్పుడు ఆగాలో మన చట్టం గంటలతో సహా చెప్పింది. సొమ్ము చెల్లించి వేయించుకునే ప్రచార ప్రకటనలు ఎప్పటి నుంచి మొదలు కావచ్చునో మాత్రం ఏ చట్టమూ చెప్పలేదు. గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థకు తిరిగి ఎన్నికలు జరగవలసి ఉన్న ఈ సమయంలో ఆ లోటును మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసి, బరిలో మిగిలింది ఎవరో తేలిన రోజునే ప్రకటనలు మొదలు కావాలి. అంతకు ముందు ఆరు నెలల పాటు పార్టీలు గానీ, వాటి తరఫున మరొకరు గానీ, ప్రభుత్వాలు గానీ టీవీలో, రేడియోలో, పత్రికలో, హోర్డింగు మీద, ఫోను తెర మీద స్థలాన్నో సమయాన్నో కొని ప్రచారం చేసుకోకూడదు. నేను కోరుతున్నది ఇంతే. సభలు, పాదయాత్రలు, ఇంటింటి ప్రచారం, కరపత్రాలు, విలేకరుల సమావేశాలు, వ్యాసాలు ఏడాది పొడుగునా సాగినా నాకు అభ్యంతరం లేదు.

ముందుగా ముగింపు సంగతి చూద్దాం. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126వ సెక్షన్ ప్రకారం పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలలో ఎన్నికల సభలు, ఊరేగింపులు జరపకూడదు. సినిమా, టెలివిజన్ వంటి సాధనాల ద్వారా ఎన్నికల విషయాలను ప్రదర్శించకూడదు. ఉల్లంఘించినవారికి రెండేళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చు. ఓటరు ఆ రెండు రోజులైనా తన మానాన తాను ఆలోచించుకోవాలన్నది దీని ఉద్దేశం. అయితే ఈ సెక్షన్‌లో పత్రికల ఊసు లేదు. అందువల్లనే పోలింగ్ నాటి ఉదయం కూడా మొదటి పేజీని పూర్తిగా కప్పేసిన జాకెట్ ప్రకటనతో పత్రిక మన గుమ్మంలో వచ్చి పడుతుంది. పోలింగ్ రోజున, దాని ముందు రోజున వేసే పత్రికా ప్రకటనలకు ఎంసీఎంసీగా మనం పిలుచుకునే మీడియా ధ్రువీకరణ కమిటీ ముందస్తు అనుమతిని ఎన్నికల సంఘం కొన్నేళ్లుగా తప్పనిసరి చేస్తున్నది నిజమే. కానీ ఆ కమిటీ ప్రకటనలోని మాటలను పరిశీలిస్తుంది, వాటిలో అభ్యంతరం లేకుంటే ప్రకటనను ఆపదు. పత్రికలను కూడా 126వ సెక్షన్ పరిధిలోకి తేవాలని లా కమిషన్ 2015 మార్చి నాటి 255వ నివేదికలో సూచించింది. ఆ కంతను పూడ్చడం ఒక చిన్న సవరణతో అయ్యే పని. అసలు ఇబ్బంది ఆరంభం దగ్గర ఉంది. పరుగు పందెంలో ముగింపు తాడు కట్టి, ఆరంభ గీత గీయడం మరచిపోయినట్టుంది మన ఏర్పాటు.

మరచిపోయారనడం కూడా సరికాదేమో. ఒకప్పుడు ఉన్న గీతను చెరిపేశారు. 1975 వరకు, ఎన్నిక రాబోతున్నదని తెలిసి తాను పోటీ చేయబోతున్నానని ఒక వ్యక్తి చెప్పుకోవడం మొదలుపెట్టిన నాటి నుంచే అతణ్ని చట్టం అభ్యర్థిగా పరిగణించేది. అభ్యర్థి ఖర్చును ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన తేదీ నుంచి లెక్కించేవారు. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరా గాంధీ ఎన్నికను రద్దు చేసింది. ఆ తరువాత ఎమర్జెన్సీ నడుస్తుండగా ఆగస్టులో తెచ్చిన సవరణతో ఈ రెండు నియమాలూ మారిపోయాయి. నామినేషన్ వేసినవారే అభ్యర్థులని, నామినేషన్ నాటి నుంచి ఫలితం ప్రకటించిన నాటి వరకు పెట్టిందే ఖర్చని చట్టం ఇప్పటికీ అంటున్నది. ఎమర్జెన్సీలో చేసిన మార్పుల్లో చాలావాటిని ఆ తరువాత వచ్చిన ప్రభుత్వం సరిదిద్దింది. దీన్ని సరిదిద్దాలన్న తొందర మాత్రం ఆనాటి నుంచి ఈనాటి వరకు ఏ పార్టీ ప్రభుత్వానికీ కలగలేదు. ఎందుకు కలగలేదో పెద్దగా ఆలోచించవలసిన అవసరం లేదనుకుంటాను. ఖర్చు లెక్కను నోటిఫికేషన్ తేదీకి తిరిగి జరపాలని లా కమిషన్ పైన చెప్పిన నివేదికలోనే కోరింది.

ఈ ఒక్క మార్పు ఆచరణలో ఏం చేస్తుందో తెలంగాణ ఓటర్లకు వేరొకరు చెప్పనక్కరలేదు. 2018 సెప్టెంబర్ 6న శాసనసభను రద్దు చేసిన రోజునే అప్పటి అధికార పార్టీ టీఆర్‌ఎస్ 105 మంది అభ్యర్థుల పేర్లు ప్రకటించింది. నామినేషన్ల స్వీకరణ మొదలైంది నవంబర్ 12న, పోలింగ్ జరిగింది డిసెంబర్ 7న. 2023లో అదే పార్టీ ఆగస్టు 21న 115 మంది పేర్లు వెల్లడించింది. ఎన్నికల షెడ్యూల్ అక్టోబర్ 9న వచ్చింది. నామినేషన్లకు ఆఖరు తేదీ నవంబర్ 10. పోలింగ్ నవంబర్ 30. అంటే రెండు సార్లూ, అభ్యర్థి ఎవరో ఊరంతటికీ తెలిసినా చట్టానికి మాత్రం తెలియని కాలం రెండు నెలలకు పైగా నడిచింది. ఆ కాలంలో అతని బొమ్మతో ఎన్ని ప్రకటనలు వెలువడినా వ్యయ పరిమితికి (2018లో 28 లక్షల రూపాయలు, 2023లో 40 లక్షలు) వాటితో సంబంధం లేదు. నామినేషన్‌కు ముందే కొని పెట్టుకున్న జెండాలను, కండువాలను తరువాత వాడితే వ్యయ పరిశీలకులు వాటిని లెక్కలో వేస్తారు. అప్పటికే ప్రసారమైపోయిన ప్రకటనను మాత్రం ఎవరూ వెనక్కి తెచ్చి లెక్కవేయలేరు. పేర్లను ముందుగా ప్రకటించడాన్ని నేను తప్పుపట్టడం లేదు. అభ్యర్థి ఎవరో ఓటరుకు ఎంత ముందుగా తెలిస్తే అంత మంచిది. ఆ రోజు నుంచే లెక్క పుస్తకం తెరవకపోవడమే తప్పు.

ఇక పార్టీల ఖర్చుకు పరిమితే లేదు. 1971 ఎన్నికల్లో ఢిల్లీ సదర్ స్థానానికి సంబంధించిన వివాదంలో, అభ్యర్థి గెలుపు కోసం పార్టీ పెట్టిన ఖర్చునూ అతని ఖర్చుగానే చూడాలని సుప్రీంకోర్టు 1974 అక్టోబర్ ఆరంభంలో తీర్పు చెప్పింది. ఆ నెల పూర్తి కాకుండానే ఆ తీర్పును వమ్ము చేస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. 2003లో ఆ వెసులుబాటును కొంత కుదించినా, అభ్యర్థి పేరెత్తకుండా పార్టీని, దాని నాయకుణ్ని, దాని హామీలను చూపే ప్రకటనలు ఏ అభ్యర్థి ఖాతాలోనూ పడవు. అసెంబ్లీ ఎన్నికలైతే 75 రోజుల్లో, లోక్‌సభ ఎన్నికలైతే 90 రోజుల్లో పార్టీలు తమ ఖర్చు వివరాలను ఎన్నికల సంఘానికి సమర్పించాలి. అప్పటికి గెలిచినవారు ప్రమాణ స్వీకారాలు చేసి, శాఖలు పంచుకొని కూర్చుంటారు. మొత్తానికి పరిమితి పెట్టలేనప్పుడు కాలానికైనా పరిమితి పెట్టాలన్నది నా వాదన. కాలాన్ని కొలవడం సొమ్మును కొలవడం కన్నా చాలా తేలిక. నగదు ఏ చేతి నుంచి ఏ చేతికి మారిందో కనిపెట్టాలంటే తనిఖీ బృందాలు కావాలి. హోర్డింగు మీద బొమ్మ ఏ రోజున పడిందో దారిన పోయే ప్రతివారికీ కనిపిస్తుంది.

ప్రభుత్వ ప్రకటనల విషయానికి వస్తే పరిస్థితి ఇంకా సూటిగా అర్థమవుతుంది. ఎన్నికల ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రజాధనంతో అధికార పార్టీ ఘనతలను చాటే ప్రకటనలు ఇవ్వకూడదు. మనం కోడ్ అని పిలుచుకునే ఆ నియమావళి షెడ్యూల్ వెలువడిన క్షణం నుంచే అమలవుతుంది. కనుక షెడ్యూల్ రాకముందు వారాల్లోనే ప్రకటనలు ముసురుకుంటాయి. శంకుస్థాపనలు, ప్రారంభోత్సవాలు, రెండేసి పేజీల నివేదికలు ఆ వారాల్లోనే వస్తాయి. సుప్రీంకోర్టు 2015 మే 13న ప్రభుత్వ ప్రకటనలకు మార్గదర్శకాలు నిర్దేశిస్తూ రాష్ట్రపతి, ప్రధాని, భారత ప్రధాన న్యాయమూర్తి బొమ్మలకే అనుమతి ఇచ్చింది. 2016 మార్చి 18న ముఖ్యమంత్రులను, గవర్నర్లను, మంత్రులను ఆ జాబితాలో చేర్చింది. ఎన్నికల ముంగిట ప్రభుత్వ ప్రకటనలపై ప్రత్యేక ఆంక్ష ఉండాలని మాధవ మేనన్ నాయకత్వంలోని నిపుణుల కమిటీ చేసిన సూచనను మాత్రం కోర్టు అంగీకరించలేదు. మార్గదర్శకాలను పాటిస్తే ఆ ఆంక్షతో పని ఉండదన్నది కోర్టు అభిప్రాయం. ఆ తరువాత వెలువడిన ప్రకటనలను చూసినవారు ఆ నమ్మకం నిలిచిందని అంటారనుకోను. సభ గడువు ముగియడానికి ఆరు నెలల ముందు నుంచి ఇటువంటి ప్రకటనలను నిలిపివేయాలని ఎన్నికల సంఘం కోరింది, లా కమిషన్ సమర్థించింది.

ఒక రాష్ట్ర ప్రభుత్వం పొరుగు రాష్ట్రపు ఓటరుకు ప్రకటన ఇవ్వడం కూడా మనం చూశాం. 2023 నవంబర్ ఆఖరి వారంలో, పోలింగ్‌కు కొద్ది రోజుల ముందు, కర్ణాటక ప్రభుత్వం తన పథకాల ఘనతను వివరిస్తూ తెలంగాణలోని పత్రికలకు ప్రకటనలు ఇచ్చింది. ముందస్తు అనుమతి లేకుండా ఇచ్చిన ఆ ప్రకటనలను ఆపాలని ఎన్నికల సంఘం నవంబర్ 27న ఆదేశించింది. బెంగళూరు ఖజానా సొమ్ముతో కరీంనగర్ ఓటరుకు కర్ణాటక పథకాల గురించి చెప్పవలసిన అవసరం ఏమిటో ఇంతవరకు ఎవరూ వివరించలేదు. మూడు రోజులు ఆలస్యంగానైనా ఆదేశం వచ్చిందంటే అప్పటికి కోడ్ అమల్లో ఉండడమే కారణం. అవే ప్రకటనలు సెప్టెంబర్‌లో వచ్చి ఉంటే వాటిని ఆపేవారే లేరు.

ఇదంతా ఏదో ఒక పార్టీ మీద ఫిర్యాదు అనుకోవద్దని మనవి. 2022 జూలై 2, 3 తేదీల్లో బీజేపీ జాతీయ కార్యవర్గ సమావేశాలు మాదాపూర్‌లో జరిగినప్పుడు, నగరంలోని మెట్రో స్తంభాలను రాష్ట్ర ప్రభుత్వ పథకాల ప్రకటనలు ఆక్రమించాయి. తమకు చోటు దొరకలేదని ఆ పార్టీవారు మొర పెట్టుకున్నారు. ఆ పార్టీవారే అంతకు కొద్ది రోజుల ముందు నాంపల్లిలోని తమ రాష్ట్ర కార్యాలయం వద్ద ‘సాలు దొర, సెలవు దొర’ అంటూ ప్రభుత్వానికి ఇంకెన్ని రోజులు మిగిలాయో చూపే డిజిటల్ గడియారం పెట్టారు. పోలింగ్‌కు అప్పటికి ఏడాదిన్నర సమయం ఉంది. కాలపరిమితిని ఆరు నెలలుగా కాక ఏడాదిగా పెట్టాలని ఇటువంటివి చూసినప్పుడు అనిపిస్తుంది. కానీ శాసనసభ, లోక్‌సభ, పురపాలక, పంచాయతీ ఎన్నికలు వేరువేరు సంవత్సరాల్లో వచ్చే మన దగ్గర ఒక్కొక్కదానికి ఏడాది చొప్పున నిషేధిస్తే అయిదేళ్లలో తెరపి దొరకడం కష్టం. అప్పుడు కోర్టులు ఆ నిబంధనను అతి అని కొట్టివేసే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఆరు నెలలతో సరిపెట్టుకోవాలంటున్నాను. సభ గడువుకు ముందే రద్దయితే, రద్దయిన రోజు నుంచే నిషేధం అమల్లోకి రావాలి. మన శాసనసభ రద్దయిన సందర్భంలోనే ఎన్నికల సంఘం 2018 సెప్టెంబర్‌లో, అటువంటప్పుడు కోడ్ వెంటనే వర్తిస్తుందని స్పష్టం చేసింది కాబట్టి ఇందులో కొత్త చిక్కేమీ లేదు.

తక్కువ రోజుల్లో ఓటరుకు ఏం తెలుస్తుందని అడిగేవారికి మన నగరమే జవాబు. 2020లో జీహెచ్‌ఎంసీ ఎన్నికల నోటిఫికేషన్ నవంబర్ 17న వెలువడింది. నామినేషన్ల ఉపసంహరణ 22న ముగిసింది, ప్రచారం 29న ఆగింది, డిసెంబర్ 1న పోలింగ్ జరిగింది. అన్నీ కలిపి రెండు వారాలు. వ్యవధి చాలదన్న విమర్శ అప్పుడు గట్టిగానే వినిపించింది. అయినా జాతీయ నాయకులు సైతం ఢిల్లీ నుంచి దిగి మన వీధుల్లో రోడ్ షోలు చేయగలిగారు. 2016లో 99 డివిజన్లు గెలిచిన అధికార పార్టీ ఈసారి 56కు దిగింది, 4 గెలిచిన బీజేపీ 48కి ఎక్కింది. కాలం కుదిస్తే గద్దె మీద ఉన్నవారికే లాభమని, పోటీదారు పుంజుకోలేడని చెప్పేవారు ఈ అంకెలను ఒకసారి చూడాలి. ఆ ఎన్నికల్లో పోలింగ్ 46.55 శాతం. నాలుగేళ్ల తరువాత లోక్‌సభ ఎన్నికలకు 2024 మార్చి 16న షెడ్యూల్ వచ్చి, మే 13న తెలంగాణలో పోలింగ్ జరిగేదాకా 58 రోజులు గడిచాయి. దేశమంతటా ఏడు దశల్లో హోరెత్తిన ఆ ప్రచారం తరువాత హైదరాబాద్ స్థానంలో పోలింగ్ 48.48 శాతం. ఆ రెండు ఎన్నికల స్వభావం వేరు, వాటి పరిధులూ వేరు. ప్రచారం ఎంత సాగితే పోలింగ్ ఎంత పెరుగుతుందో తేల్చే లెక్కగా వీటిని చూపడం లేదు. ప్రకటనలు ఎక్కువ రోజులు నడిస్తేనే ఓటరు కదులుతాడన్న మాటకు ఈ నగరంలో ఆధారం కనిపించలేదని మాత్రం అంటున్నాను.

అసలు ఎన్నికల గడువును కుదించాలన్న ఆలోచన పార్లమెంటుకే ఒకసారి వచ్చింది. ఉపసంహరణ గడువుకూ పోలింగ్‌కూ మధ్య కనీసం 20 రోజులు ఉండాలన్న నియమాన్ని 1996లో 14 రోజులకు తగ్గించారు. 2023 శాసనసభ ఎన్నికల్లో ఉపసంహరణ నవంబర్ 15న, 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఏప్రిల్ 29న ముగిశాయి. నా ప్రతిపాదన అప్పుడు అమల్లో ఉండి ఉంటే పోలింగ్‌కు ముందు 48 గంటల సైలెన్స్ పీరియడ్ మొదలయ్యేలోగా ప్రకటనలకు పన్నెండు, పదమూడు రోజులు దొరికేవి. జపాన్‌లో దిగువ సభ ఎన్నికలకు అధికారిక ప్రచార కాలమే 12 రోజులు, అంతకు ముందు ఓట్లు అడగడం నేరం. మనకు అంత కఠినత్వం అవసరం లేదు. ఫ్రాన్స్‌లో ఎన్నిక జరిగే నెలకు ఆరు నెలల ముందు నుంచి పత్రికల్లో, ప్రసార మాధ్యమాల్లో సొమ్ము చెల్లించి ఎన్నికల ప్రచారం చేయడం నిషిద్ధం. బ్రిటన్‌లో టీవీలో, రేడియోలో రాజకీయ ప్రకటనను ఏ కాలంలోనూ కొనలేరు. పార్టీలకు కొంత ప్రసార సమయం ఉచితంగా ఇస్తారు. కెనడాలో 2015 ప్రచారం 78 రోజులు సాగింది. 2018లో చేసిన చట్టంతో దాన్ని 50 రోజులకు మించకుండా కట్టడి చేశారు. ఏ కట్టడీ లేకుండా వదిలేస్తే ఏమవుతుందో అమెరికాలో చూస్తూనే ఉన్నాం.

రాజ్యాంగం 19వ అధికరణం ప్రసాదించిన భావ ప్రకటనా స్వేచ్ఛకు ఇది భంగం కాదా అన్న ప్రశ్న తేలికగా తోసిపుచ్చదగినది కాదు. ఆ స్వేచ్ఛపై ఏయే కారణాలతో ఆంక్షలు విధించవచ్చునో రాజ్యాంగమే జాబితాగా ఇచ్చింది, అందులో ఎన్నికల నిష్పాక్షికత అన్న మాట లేదు. అయినా 126వ సెక్షన్ దశాబ్దాలుగా నిలిచే ఉంది. ఇంకొక ఉదాహరణ మన హైకోర్టు నుంచే ఇవ్వవచ్చు. రాజకీయ ప్రకటనలను కేబుల్ టీవీలో ప్రసారం చేయకూడదని 1994 నాటి నిబంధనల్లో ఉండేది. 2004 మార్చి 23న, ఒక తెలుగు చానల్ వేసిన పిటిషన్ మీద, మూసీ ఒడ్డున ఉన్న అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిబంధనను నిలిపివేసింది. అదే ఏడాది ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు, ప్రకటనలను ప్రసారానికి ముందే కమిటీ చేత ధ్రువీకరింపజేయాలన్న ఏర్పాటు చేసింది. నేడు దేశమంతటా నడుస్తున్న ధ్రువీకరణ విధానం అలా హైదరాబాద్ కేసులోంచి పుట్టింది. ప్రసారానికి ముందే ప్రకటనను తెచ్చి చూపమనడం స్వేచ్ఛకు భంగం కానప్పుడు, ఫలానా తేదీ తరువాత వేసుకోమనడం ఎలా భంగమవుతుంది? మాటను పరిశీలించడం కన్నా తేదీని నిర్ణయించడం నిజానికి చిన్న ఆంక్ష. ఏ పార్టీ ఏం చెబుతున్నదన్న జోలికి అది పోదు. కొనలేని పార్టీకి ఇప్పుడున్న స్వేచ్ఛ ఏపాటిదో కూడా ఈ సందర్భంలో ఆలోచించాలి.

టీవీని, పత్రికను ఆపితే సొమ్మంతా ఫోనుల్లోకి పారుతుందన్నది మరొక అభ్యంతరం. ఇందులో నిజముంది. ఎన్నికల సంఘం 2013లోనే సామాజిక మాధ్యమాల్లోని ప్రకటనలకూ ముందస్తు ధ్రువీకరణను వర్తింపజేసింది. 2019లో ఆ సంస్థలు 126వ సెక్షన్ ఉల్లంఘనలపై మూడు గంటల్లో చర్య తీసుకుంటామని హామీ ఇచ్చాయి. గూగుల్, మెటా సంస్థలు రాజకీయ ప్రకటనలను, వాటికి చెల్లించినవారి పేర్లను అందరూ చూడగలిగే పట్టికలో పెడుతున్నాయి. ఆపడం తమకు సాధ్యం కాదని ఆ సంస్థలు అనలేవు. ఐరోపా కూటమి తెచ్చిన పారదర్శకత నిబంధన 2025 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చేసరికి అవి రెండూ అక్కడ రాజకీయ ప్రకటనలను పూర్తిగా మానుకున్నాయి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే వీడియోలను ఏ చట్టమూ ఆపలేదు. అవి నేను నిషేధించమంటున్న కొనుగోలు ప్రకటనల కోవలోకి రావు కూడా.

అభిమానుల పేరిట వెలిసే ఫ్లెక్సీల బెడద ఇంతకన్నా పెద్దదనుకుంటాను. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని గెలుపు కోసం ప్రకటనలకు ఖర్చు పెట్టడం మన శిక్షాస్మృతిలో 1920 నుంచీ నేరమే. పాత చట్టంలో దానికి 500 రూపాయల జరిమానా ఉండేది, భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షన్‌లో దాన్ని 10 వేల రూపాయలకు పెంచారు. కానీ అక్కడ కూడా అభ్యర్థి అంటే నామినేషన్ వేసినవాడే. కాబట్టి టికెట్ ఆశించే నాయకుడి పుట్టినరోజున చౌరస్తా నిండా కట్టే ఫ్లెక్సీలకు ఈ సెక్షన్ తగలదు. బల్దియావారు వాటికి చలాన్లు వేస్తారు, తీసేస్తారు, మరునాటికి కొత్తవి లేస్తాయి. 1975 నాటి నిర్వచనాన్ని వెనక్కి తీసుకుంటే ఈ ఫ్లెక్సీలు కూడా ఆ నాయకుడి ఎన్నికల ఖాతాలోకి వస్తాయి. అప్పుడు అభిమానులను అదుపు చేసే పనిని అధికారుల కన్నా ముందు ఆయనే చూసుకుంటాడు.

ప్రభుత్వం ప్రజలకు చెప్పవలసినవి ఆగిపోకూడదన్న విషయంలో భిన్నాభిప్రాయం లేదు. టీకాలు, వరద హెచ్చరికలు, పరీక్షల తేదీలు, టెండర్లు, ఉద్యోగ ప్రకటనలు యథాప్రకారం వెలువడాలి. వాటి మీద ఏ నాయకుడి బొమ్మా ఉండనక్కరలేదు.

సంపాదకులు గారూ, ఈ ప్రతిపాదన వల్ల పత్రికల రాబడికి గండి పడుతుందని నాకు తెలుసు. అమ్మకపు ధర కాగితం ఖర్చుకే చాలదని, ప్రకటనలు లేకుండా పత్రిక నడవదని, ఎన్నికల ఏడాది వచ్చే ఆదాయం కొన్ని పత్రికలకు ఊపిరి నిలుపుతుందని కూడా తెలుసు. అయినా ఈ లేఖను పత్రికకే రాయడానికి కారణం ఉంది. 2009 ఎన్నికల తరువాత, సొమ్ము తీసుకొని ప్రచారాన్ని వార్తగా వేసే పెయిడ్ న్యూస్ వ్యవహారం బయటపడినప్పుడు, దాని గుట్టు విప్పినవారిలో మన రాష్ట్రంలోని వర్కింగ్ జర్నలిస్టుల సంఘం ముందు వరుసలో ఉంది. ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో హైదరాబాద్ పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి ఒకరు. తమ వృత్తిలోని తప్పును తామే బయటపెట్టిన పాత్రికేయులు ఉన్న చోట ఈ చర్చకు తలుపులు మూసుకోవని నమ్ముతున్నాను. ప్రకటనలకు తేదీ విధిస్తే అవే వార్తల వేషంలో వస్తాయన్న భయం సహేతుకమైనదే కాబట్టి, ఆ ఆరు నెలలకు కూడా ఎంసీఎంసీ పరిశీలన వర్తించాలి. ఇప్పుడు ఆ కమిటీలు ఎన్నికల సమయంలో మాత్రమే పనిచేస్తున్నాయి.

లోక్‌సభ, శాసనసభ ఎన్నికల విషయంలో చట్టాన్ని సవరించవలసింది పార్లమెంటు. అది ఎప్పటికి జరుగుతుందో ఊహించడం కష్టం. నగరపాలక ఎన్నికల సంగతి అలా కాదు. 1955 నాటి జీహెచ్‌ఎంసీ చట్టం రాష్ట్ర శాసనసభ చేతిలో ఉంది. ఎన్నికల నిర్వహణ రాజ్యాంగం 243-జడ్‌ఏ అధికరణం కింద రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంది. 2020లో కార్పొరేటర్ అభ్యర్థికి ఖర్చు పరిమితి 5 లక్షల రూపాయలు. ఆ పరిమితి ఏ రోజు నుంచి వర్తిస్తుందో, డివిజన్‌లో ప్రకటనలు ఏ రోజు నుంచి వేసుకోవచ్చో ఢిల్లీ వైపు చూడకుండా ఇక్కడే తేల్చవచ్చు. రాబోయే ఎన్నికల నోటిఫికేషన్‌కు ముందే శాసనసభ ఈ సవరణను చేపట్టాలని, పార్టీలన్నీ తమ వైఖరి ఏమిటో మీ పత్రిక ద్వారా ప్రజలకు తెలియజేయాలని కోరుతున్నాను. మీకు కూడా ఒక విన్నపం ఉంది. చట్టం వచ్చినా రాకున్నా, మీరు ప్రచురించే ప్రతి రాజకీయ ప్రకటన కింద దానికి సొమ్ము చెల్లించింది ఎవరో, ఎంత చెల్లించారో పాఠకుడు కళ్లద్దాలు మార్చుకోకుండా చదవగలిగే అక్షరాల్లో అచ్చు వేయండి. అందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
నల్లకుంట, హైదరాబాద్